తప్పు మోటారుది కాదు

ఉదయం ఆరు గంటలకు నరసాపురం స్టేషన్‌లో దిగాం. పద్దెనిమిది మంది సైనికులం. రెండు రబ్బరు పడవలు, రెండు మోటార్లు. తొంభైల్లో ఒక ఆగస్టు. నాలుగు రోజులుగా వాన. గోదావరి లంకల మీదికి ఎక్కేసింది. మా జట్టులో ఆ ఊరివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే సుబేదారు మొదటి పడవ నాకు అప్పగించారు. ఛాతీ ఉప్పొంగింది.

ఆర్డరు: తొమ్మిదిన్నరకల్లా ఎదుటి లంకలో బడి డాబా మీదున్న పదకొండు మందిని తీసుకురావాలి. వాళ్లలో నెలలు నిండిన మనిషి ఒకామె. పడవలో నేను, మోటారు చూసే మరాఠీ మెకానిక్, దారి చెప్పే ముసలి జాలరి.

సగం దూరంలో జాలరి గెడ అందుకున్నాడు. "మోటారు ఆపండి బాబుగారూ. లోతు చూసుకుని పోదారి. కిందేముందో తెలవదండి."

"నేనూ ఈ ఊరోణ్ణే తాతా. చిన్నప్పట్నుంచీ ఈతకొట్టిన గోదారే."

"ఈతకొట్టింది ఎండాకాలంలో కదండీ!"

నవ్వి, పోనిమ్మన్నాను. నిమిషం తిరక్కుండా మోటారు రెక్క మునిగిన గట్టుకు తగిలింది. రెక్కను పట్టి ఉంచే పిన్ను విరిగింది. పడవ గిర్రున తిరిగింది.

రేడియోలో సుబేదారు: "ఎందుకు ఆగారు?"

"మెకానిక్ మోటారు సరిగా చూసుకోలేదు సాబ్."

మెకానిక్‌కు తెలుగు రాదు. కానీ ఆ మాట నేను హిందీలోనే అన్నాను. అతను తలెత్తలేదు. ఇరవై నిమిషాల్లో కొత్త పిన్ను వేశాడు. ఆ పైన జాలరి గెడ వేసి చూపిన దారినే వెళ్లాం. గడువు దాటినా, రెండు విడతల్లో పదకొండు మందీ ఒడ్డుకు చేరారు.

సాయంత్రం అందరినీ వరసలో నిలబెట్టి సుబేదారు మెకానిక్‌ను పిలిచారు. "రేపట్నుంచి నువ్వు వంటశాలలో." అతను "జీ సాబ్" అన్నాడు, అంతే. నా పేరు అప్పటికే ప్రమోషన్‌కు వెళ్లి ఉంది. నోరు తెరిస్తే అది పోతుంది. యూనిఫాంతోపాటు నిజాయితీ కూడా ఇస్తారనుకునేవాణ్ణి. ఇవ్వరు. వరసలోంచి ఒక అడుగు ముందుకు వేశాను.

"తప్పు నాది సాబ్. లోతు చూడమంటే వినలేదు. పైగా అబద్ధం చెప్పాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"సొంతూళ్లో పరువు పోతుందని సాబ్."

మెకానిక్ బదులు నేను ఆరు రోజులు వంట గిన్నెలు తోమాను. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. పిల్లలు మెడల్స్ గురించి అడిగితే ఇప్పటికీ ఆ గిన్నెల గురించే చెబుతాను, గర్వంగా.

అప్పుడు తిరుగు రైల్లో నాకు కూర్చునే చోటు లేదు. మెకానిక్ తన పరుపుచుట్ట ఒళ్లోకి లాక్కుని, ఖాళీ అయిన బల్లను అరచేత్తో రెండుసార్లు తట్టాడు. చూపు మాత్రం కిటికీ వైపే. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి నా కళ్లముందు అలా తడుతూనే ఉంది.