అమ్మ నోట్లో నెత్తురు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వినపడిన మాట ‘పళ్ళు రాలగొడతాను’ అన్నది. అది మా నాన్న ఊతపదం. పెడనలో మాది నేతపని. మగ్గం మీద పోగు తెగినా, కూరలో ఉప్పు తగ్గినా ఆయన నోటికి అదే వచ్చేది. నన్ను అని ఊరుకునేవాడు. అమ్మ విషయంలో అలా ఊరుకునేవాడు కాదు. చెంప మీద ఒకటి పడేది, ఒక్కోసారి పెదవి చిట్లేది. పక్కింటి అక్క వచ్చి ఏమైందని అడిగితే అమ్మ తల అడ్డంగా ఊపి ఏం లేదనేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎందుకలా అబద్ధమాడుతుందా అని ఒళ్ళు మండేది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. మూడో నెల నుంచే పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే నెత్తురు పడేది. ఆ రోజుల్లో మేం ఇటుక పొడితో తోముకునేవాళ్ళం. వేడి చేసిందనుకుని అమ్మ కొన్నాళ్ళు మజ్జిగ తాగింది. తర్వాత, తోమితేనే కదా నెత్తురు వస్తోందని తోమడమే మానేసి, నీళ్ళు పుక్కిలించి ఊరుకునేది. దాంతో చిగుళ్ళు ఇంకా వాచాయి. ఎడమ వైపు పన్ను ఒకటి కదలడం మొదలుపెట్టింది. నీళ్ళోసుకున్న మనిషి పన్ను పీకించుకోకూడదని ఎవరో చెప్పారట, అందుకని దాని జోలికీ పోలేదు. అన్నం ఒక పక్కనే నమిలేది. నొప్పిగా ఉందా అని అడిగితే ఏం లేదనేది. ఆ ఒక్క మాటతోనే సంసారం ఈదుకొచ్చింది మా అమ్మ.

ఏడో నెలలో ఒక రోజు తెల్లారేసరికి ఆమె ఎడమ దవడ బూరెలా ఉబ్బిపోయి ఉంది. కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, నోరు పెగలడం లేదు. తలగడ మీద నెత్తురు మరక. మా నాన్న అది చూసి భయపడ్డాడు. ఆయన భయపడడం నేను చూసింది అదే మొదలు. అమ్మను బందరు ఆసుపత్రికి తీసుకెళ్దామని జట్కా కోసం బయల్దేరుతుంటే, ఘంటసాల నుంచి మా మావయ్య వచ్చాడు. అమ్మకు అన్న. ఆమెను పురిటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు.

వస్తూనే చెల్లెలి మొహం చూశాడు, తలగడ చూశాడు, మా నాన్న వైపు చూశాడు. కొట్టాడా అని అమ్మను అడిగాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. కొట్టిన రోజుల్లో కూడా ఆమె అచ్చం అలాగే ఊపేది కనుక మావయ్య నమ్మలేదు. మా నాన్న తాను కొట్టలేదని ఒట్టు వేశాడు. అదీ నమ్మలేదు. నా ముందు గొంతుకూర్చుని నా భుజాలు పట్టుకున్నాడు.

“నువ్వు చెప్పమ్మా. మీ నాన్న కొట్టాడా?”

“కొట్టాడు మావయ్యా,” అన్నాను.

ఆ రోజు కొట్టలేదని నాకు తెలుసు. అంతకు ముందు వారం రోజులుగా కూడా కొట్టలేదు. కానీ ఎవరైనా అడిగితే చెబుదామని ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట అది, అడిగేసరికి వచ్చేసింది. చెప్పాక ప్రాణం హాయిగా కూడా అనిపించింది. దాచడం ఎందుకు.

మూలనున్న రోకలి మావయ్య చేతికి వచ్చింది. మొదటి దెబ్బ నాన్న వీపు మీద పడింది. రెండోది తలకు తగలకుండా ఆయన కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి దగ్గర ఎముక పటుక్కున విరగడం నాకు వినపడింది. నాన్న వెళ్ళి, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో పడ్డాడు. పోగులు తెగి ఆయన మీద పడ్డాయి, వాటి మీద నెత్తురు. “నా చెల్లెలి పళ్ళు రాలగొడతావురా?” అంటూ మావయ్య గుంట అంచున నిలబడి మళ్ళీ రోకలి ఎత్తాడు. అది పడి ఉంటే మా నాన్న ఆ గుంటలోనే పోయేవాడు.

అమ్మ ఆ కడుపుతోనే పాక్కుంటూ వచ్చి మావయ్య కాళ్ళు పట్టుకుంది. అరవడానికి నోరు బలవంతాన తెరిచింది. దవడ లోపల వాపు చిట్లిపోయింది. చీమూ నెత్తురూ కలిసి మావయ్య పాదాల మీద కారాయి. వాటితో పాటే కదులుతున్న పన్నూ ఊడిపడింది. భరించలేనంత కంపు. దెబ్బ తగిలి కారిన నెత్తురు అలా కంపు కొట్టదు. మావయ్య రోకలి వదిలేసి గోడకు ఆనుకున్నాడు.

ఇద్దరినీ ఒకే జట్కాలో బందరు తీసుకెళ్ళాం. దారి పొడుగునా మావయ్య మా నాన్న విరిగిన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు పొట్టి మనిషి, కోపం ఎక్కువ. వరండాలో వెక్కివెక్కి ఏడుస్తున్న నన్ను ఎందుకని అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. సబ్బుతో నా చేతులు కడిగించి, అమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్ళి, నా చూపుడు వేలుతో అమ్మ కుడి వైపు చిగురును మెల్లగా నొక్కించారు. పైకి బాగానే ఉన్న ఆ పంటి మొదట్లోంచి తెల్లగా చీము బొట్టు బయటికి వచ్చింది.

“ఇది దెబ్బ కాదు, జబ్బు,” అన్నారు. “ఈ చీమే నెత్తుట్లో కలిసి ఒళ్ళంతా పాకింది. జ్వరం దానివల్లే. కడుపులో బిడ్డకీ దానివల్లే గండం.”

అమ్మ వైపు తిరిగి, ఇన్ని నెలలుగా నెత్తురు పడుతుంటే నోరు విప్పి ఎవరికీ ఎందుకు చెప్పలేదని కసిరారు. అమ్మ అలవాటు కొద్దీ తల ఊపబోయి, ఆగిపోయి, భోరున ఏడ్చింది.

ఇంజెక్షన్లతో అమ్మ బతికింది. మూడో రోజు నెలలు నిండకుండానే తమ్ముడు పుట్టాడు, సాయంత్రానికి పోయాడు. జ్వరం వల్లే అన్నారు డాక్టరమ్మ గారు. చెల్లెలిని తన కాళ్ళ దగ్గరికి పాకించడం వల్లేనని మావయ్య చచ్చేదాకా కుమిలాడు. నా అనుమానం నా మీదే ఉండేది, దాన్ని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

నాన్న చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఇక నేయలేకపోయాడు. అమ్మే మగ్గంలో కూర్చుంది. ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనకు అన్నం కలిపి పెడుతూ, ఆ రోజు నేనలా చెప్పబట్టే కదా ఇదంతా అన్నాను. ఆయన ముద్ద మింగాడు.

“నువ్వేం అబద్ధం చెప్పలేదమ్మా. కొట్టిన రోజొక్కటే తప్పు చెప్పావు,” అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చెయ్యి పోయిందనే కదా అని అనేవాళ్ళు అన్నారు. ఎడమ చెయ్యి నిక్షేపంలా ఉంది, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

నాకు డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. పళ్ళు చాలా వరకు నావే. రోజూ పొద్దున్న అద్దం ముందు చిగుళ్ళు నొక్కి చూసుకుంటాను. మా కోడలు పళ్ళు తోముకుంటూ నెత్తురు ఉమ్మి, ఏం లేదత్తయ్యా అంటే వదలను, విసుక్కున్నా సరే, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టి వస్తాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒకసారి నా మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ సాయంత్రమే మా నాన్నకు ఉత్తరం రాశాను. కొట్టాడని రాసి, ఏ రోజు ఏ పూట కొట్టాడో కూడా రాశాను.