రువైస్ క్యాంపులో చెప్పిన తాబేళ్ళ సంగతి

2006 చలికాలంలో నేను ఎడారిలోని చమురు పట్టణం రువైస్ వెళ్ళడానికి కారణం ఒక ఫోన్ కాల్. అక్కడి లేబర్ క్యాంపులో వంట చేసే నెల్లూరు మస్తాన్ నాకు పాత పరిచయం. తన గదిలో ఉండే రాజన్న నెల రోజులుగా ఎవరితోనూ కలిసి తినడం లేదని, జగిత్యాల దగ్గర తన ఊళ్ళో కూతురు పుట్టినా సెలవు వద్దంటున్నాడని చెప్పాడు. పైపుల అతుకుల్ని గామా కిరణాలతో ఫొటో తీస్తున్నచోట హెచ్చరిక తాడు గాలికి తెగిపడితే, రాజన్న తెలియక లోపలికి నడిచాడట. అతని ఒంట్లో విషం చేరిందని, ముట్టుకుంటే అంటుతుందని గదిలో పుకారు పుట్టింది. నేను అక్కడికి దాదాపు మూడు గంటల దూరంలోని మఫ్రఖ్‌లో రేడియేషన్ భద్రత పనిలో ఉన్నాను. అంతకుముందు ఇండియాలో ఒక ప్రయోగశాలలో మంచినీటి తాబేళ్ళలోని రేడియోధార్మికతను కొలిచేవాణ్ణి.

శుక్రవారం ఉదయం ఆరింటికి మఫ్రఖ్‌లో షేర్ ట్యాక్సీ ఎక్కాను. ముప్పై దిర్హమ్‌లు. తరీఫ్ దాటాక ఎడమవైపు ఇసుక, కుడివైపు ఉప్పునేల, అక్కడక్కడ సముద్రం. ఒళ్ళో పెట్టుకున్న పెట్టె ఏమిటని పఠాన్ డ్రైవర్ హిందీలో అడిగాడు. కిరణాలను కొలిచే మీటరు, ముదీర్‌ను, అంటే మా మేనేజరును, అడిగి తెచ్చానన్నాను. ఎవరికైనా జబ్బా అన్నాడు. భయం అన్నాను. మిర్ఫాలో ఆగి నాకు చాయ్ తాగించాడు, చాయ్ డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

తొమ్మిదికి ముందే చేరాను. రాజన్న మెట్ల చివర తన పళ్ళెం తనే కడుక్కుంటున్నాడు. నన్ను దూరంగానే కూర్చోమన్నాడు. నేను పక్కనే కూర్చుని తాబేళ్ళ గురించి చెప్పాను. సీసియం అనే రేడియోధార్మిక పదార్థం వాటి తిండితోపాటు లోపలికి పోయి కండలో చేరుతుంది. శుభ్రమైన నీళ్ళలోకి మారిస్తే నెలల మీద కొద్దికొద్దిగా బయటికి పోతుంది, నీళ్ళు చల్లగా ఉంటే ఇంకా నెమ్మదిగా. అలాంటిదే స్ట్రాన్షియం మాత్రం కాల్షియంలా డిప్పలో, ఎముకల్లో కూర్చుని ఏళ్ళ తరబడి కదలదు.

రాజన్న తల దించుకున్నాడు. "నా బొక్కలల్ల గూడ గట్లనే కూసుందా సార్?"

"తాబేలు దాన్ని మింగింది రాజన్నా. నువ్వు మింగలేదు, పీల్చలేదు. కిరణం నీలోంచి దూసుకుపోయింది, నిలవలేదు."

"అయితే నాకేం కాదంటరా?"

ఆ మాట నేను అనలేకపోయాను. కిరణాలు ఎంత పడ్డాయో చూపించే బ్యాడ్జీ కంపెనీ అతనికి ఇవ్వలేదు. రక్తపరీక్ష చేయించాలని, అతని నుంచి మాత్రం ఎవరికీ ఏమీ అంటదని చెప్పాను. మీటరు అతని ఛాతీ దగ్గర, చేతుల దగ్గర పెట్టాను. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. మస్తాన్ వచ్చి తన చెయ్యి చాపాడు. ముల్లు అక్కడే ఆగింది.

"నాకూ అంతే చూపిస్తుండాది గదా," అన్నాడు మస్తాన్. లోపలికి వెళ్ళి ఒకే పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. రాజన్న చాలాసేపు చెయ్యి పెట్టలేదు. తర్వాత ఏడుస్తూ తిన్నాడు.

రక్తపరీక్షలో తేడా ఏమీ కనిపించలేదు. రెండు వారాలకు రాజన్న ఊరికి వెళ్ళి అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. "బిడ్డ నా మీదనే పండుకున్నది సార్," అని మెల్లగా చెప్పాడు.

మేం ఆ తాబేళ్ళను శుభ్రమైన నీళ్ళలో ఉంచి, రోజూ దగ్గర కూర్చుని కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. రాజన్న దగ్గర నెల రోజులు ఎవరూ కూర్చోలేదు. రువైస్ వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ తిరుగు ట్యాక్సీలు దొరకవు. తొందరపడకండి, సాయంత్రందాకా ఉండేలా వెళ్ళండి. అక్కడివాళ్ళు మాట మొదలుపెట్టడానికే సగం రోజు పడుతుంది.