రేపు తినవలసిన పులుసు

మా వదిన పోయింది. మొన్న తెల్లారి టీ గ్లాసు ఇంకా రాలేదేమిటా అని గుమ్మం వైపు చూస్తుంటే, ఆమె కూతురు వట్టి చేతులతో వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయిందట.

రాయడం నాకు చేతకాదు. మా ఊరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలే. కానీ ఆమె నన్ను విసిగించిన సంగతి ఎవరికో ఒకరికి చెప్పాలి.

కంచరపాలెంలో మావి పక్కపక్క వాటాలు. మా అన్న పోయాక, నా ఇంటిది కూడా పోయాక, రెండు వాటాలకూ ఆమె పొయ్యే. టీవీలో ఆ వంటల పోటీ మొదలయ్యేవరకు నాకు తిండి దగ్గర ఏ కష్టమూ లేదు.

అందులో గడ్డం జడ్జి ఒకాయన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. తర్వాత ఏది తగ్గిందో, ఏది మించిందో చెబుతాడు. రుచి చూడకుండా వండినవాళ్లను కసురుతాడు.

"ఎంగిలి సేసి పెట్టమంటాడేటి ఈడు?" అని వదిన టీవీని కసిరేది. వండిన మనిషి ముందు నోట్లో పెట్టుకోకూడదని ఆమె పట్టు. అందుకని నా నాలుక కావలసి వచ్చింది.

కంచం నిండా అన్నం పెట్టడం మానేసింది. పెద్ద పళ్లెం మధ్యలో ఒక్క కోనాం చేప ముక్క, చుట్టూ పులుసు చుక్కలు, పైన కరివేపాకు. భుజం మీది గుడ్డతో పళ్లెం అంచు తుడిచి, మళ్లీ తుడిచి, అప్పుడు నా ముందుకు తోసేది. ఈలోగా నా కడుపు మాడిపోయేది.

"బాగుంది వదినా" అనేవాణ్ణి.

"బాగుందంటే జడ్జిమెంటేటి? మీ అన్నదీ అదే మాట, నీదీ అదే మాట. ఏటి తగ్గిందో సెప్పు, మరిదీ."

"అన్నం తగ్గింది."

పళ్లెం లాగేసుకునేది.

ఆ మధ్య రుషికొండ దగ్గర ఆడవాళ్ల వంటల పోటీ పెట్టారు. మట్టి దాక మోయడానికి నన్ను వెంటేసుకెళ్లింది. గంటలో వండేసింది. తీరా జడ్జిలు చెంచాలతో వస్తే, దాక మీద మూత పెట్టి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు కాదు బాబూ. సేపల పులుసు ఇయ్యాల వండితే రేపు తినాల. ముక్కకి పులుపు పట్టాల కదా. రేపు రండి."

వాళ్లు నవ్వుకుంటూ పక్క బల్లకు వెళ్లిపోయారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒక్క సెంచా పెడితే పోయేదేటి?" అన్నాను బస్సులో.

"కుదరని కూర పెట్టి మార్కులడగమంటావేటి? నానడగను."

మర్నాడు ఆ పులుసు నాకే పెట్టింది. బాగుంది అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

చావు ఇంట్లో ముందు వండింది ఉంచకూడదు. మొన్న కబురు చెప్పాక అమ్మాయి ఆ మట్టి దాకే తెచ్చి నా చేతికిచ్చింది.

"నిన్న సాయంత్రం నీ కోసమే వండింది, బాబాయ్. రేపు మరిది సేత ఓ మాట సెప్పించకపోతే సూడు, అంది. పారబోసెయ్."

దొడ్లోకి తీసుకెళ్లి మూత తీశాను. దాక అంచు శుభ్రంగా తుడిచి ఉంది. వేలు ముంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"మెంతులు కొంచెం మాడాయి, వదినా."

కళ్ళు తెరవకుండా అలాగే నిలబడ్డాను. దాక నా చేతుల్లోనే ఉంది. ఎవరూ లాక్కోలేదు.