కత్తులు నల్లమ్మకు, చెంచాలు జయరాజుకు

బెళుగుప్ప మండలంలో వెండి కత్తుల నల్లమ్మ అంటే చాలామందికి తెలుసు. పేరు విని కత్తి తిప్పే మనిషేమో అనుకునేరు, అదేం కాదు. వేరుశనగ చేలల్లో కలుపు తీసి, కాయలు ఒలిచి అరవై ఆరేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. ఒంటి మీద వీసమెత్తు వెండి లేదు. ఇంట్లో మాత్రం ఆరు వెండి కత్తులున్నాయి. దొరలు బల్ల ముందు కూర్చుని రొట్టే మాంసమూ కోసుకు తినే కత్తులు. ఆ ఇంట్లో బల్ల లేదు. రొట్టె కూడా ఎవరికైనా జ్వరం వస్తేనే కనిపించేది.

ఆ కత్తులు మామ యేసన్న సంపాదన. ఆయన మిషన్ బంగళాలో వంటమనిషి. దొరసాని ఉద్యోగం చాలించుకుని తన దేశానికి పోతూ బల్ల మీది వెండి సామాను పనివాళ్లకు పంచింది. ముళ్లచెంచాలు తోటమాలికి పోయాయి. ఆరు కత్తులు, ఆరు చెంచాలు, వాటిని పెట్టుకునే చెక్కపెట్టె యేసన్నకు వచ్చాయి. ఒక్కొక్క పిడి మీదా చిన్న పువ్వు, దాని వెనక ఆవగింజంత సింహం ముద్ర. నల్లమ్మ పదిహేడేళ్లకు కోడలిగా వచ్చినప్పుడు యేసన్న ఆమెకు మొదట నేర్పింది సంగటి గెలకడం కాదు, సుద్దపొడితో వెండి తోమడం.

"చెంచాలు వేన్నీళ్లలో వేసినా ఏం కాదు తల్లీ. కత్తుల్ని మాత్రం వేన్నీళ్లలో ముంచొద్దు. మరిచిపోయి కూడా ముంచొద్దు" అనేవాడు.

ఎందుకని నల్లమ్మ ఎప్పుడూ అడగలేదు. మామను ఎదురు అడిగే కాలమా అది. అంత జాగ్రత్త చెబుతున్నాడంటే చెంచాల కంటే కత్తులే ఎక్కువ ఖరీదని తనకు తానే అర్థం చేసుకుంది. ఆ అర్థం చేసుకోవడంలోనే అంతా చెడింది.

పాస్టరుగారు భోజనానికి వస్తే పెట్టె తెరిచేవాళ్లు. చాప మీద కంచానికి కుడిపక్కన కత్తి, దాని పక్కన చెంచా పెట్టాలి. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆ రెంటినీ మర్యాదగా పక్కకు జరిపి, చేత్తో ముద్ద విరిచి కోడికూరలో అద్దుకునేవాడు. ఆయన పోయాక నల్లమ్మ ఎంగిలి కాని కత్తినీ చెంచానూ కడిగి, తుడిచి మళ్లీ పెట్టెలో సర్దేది. ఎంతమంది పాస్టర్లు మారారో, ఒక్కరూ వాటితో తిన్న పాపాన పోలేదు. అయినా కంచం పక్కన ఆ సామాను లేకపోతే ఇంటికి మర్యాద లేదని యేసన్న నమ్మకం. ఆయన పోయాక అది నల్లమ్మ నమ్మకమైంది.

ఆమె కాపురానికి వచ్చేసరికి మరిది జయరాజుకు ఏడేళ్లు, తల్లి లేదు. నల్లమ్మే వాడికి నీళ్లు పోసి, తల దువ్వి బడికి పంపింది. వాడు పెరిగి, గార్లదిన్నె పిల్లను చేసుకుని, అక్కడే గోడలు కట్టే బేల్దారి పనిలో స్థిరపడ్డాడు. యేసన్న పోయిన ఏడాది పంపకాలు వచ్చాయి. పంచుకోవడానికి ఆ పెట్టె తప్ప ఏముంది గనక. నల్లమ్మ మామ పాత పంచెను రెండుగా చించి కత్తులు ఒక మూట, చెంచాలు ఒక మూట కట్టింది. చెరో చేత్తో పైకెత్తి చూసింది. కత్తుల మూట బరువుగా ఉంది. ఇంతలో జయరాజు లోపలికి వచ్చి, "నువ్వేదిస్తే అది, వదినా" అన్నాడు. నల్లమ్మ చెంచాల మూట వాడి చేతిలో పెట్టింది. నిమిషం పని.

ఆ నిమిషం ఆమెను ముప్పై ఏళ్లు వదల్లేదు. పెంచిన బిడ్డను మోసం చేశానని కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు, ఆయన వినకుండానే పోయాడు. పెట్టె తెరిచినప్పుడల్లా చెంచాలు ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపించేది. అందుకే పాస్టరుగారు వస్తే తప్ప తెరిచేది కాదు.

ఇప్పుడు ఆ పెట్టెను తెరవమంటున్నది కోడలు కృపాకుమారి. ఆమె రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తుంది. తెల్లారకముందే బస్సెక్కాలి, పొద్దుగూకినాక దిగాలి. కొడుకు జోయల్ టమాటా లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. నాలుగేళ్ల మనవరాలు అంజలి లేచేసరికి తల్లి ఉండదు, తల్లి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంటుంది. సొంతంగా కరెంటు కుట్టుమిషను పెట్టుకుంటే బట్ట ఇంటికే పంపిస్తానని, సంగతేదో ఉగాది లోపల తేల్చమని యజమాని చెప్పాడు.

"అత్తా, వెండి ధర ఎప్పుడూ లేనంత ఉండాదంట. ఆ కత్తులు పెట్టెలో పండుకోని ఏం చేస్తాండాయి? మిషనొస్తే పాపను చూసుకుంటా ఇంట్లోనే కుట్టుకుంటా" అంది కృపాకుమారి.

"మీ మామ వాళ్ల నాయన సొత్తు అది. చూద్దాంలే" అని నల్లమ్మ మాట దాటేసింది. అమ్మడం ఇష్టం లేక కాదు. అమ్మితే సగం జయరాజుకు ఇవ్వాలి. ఎందుకిస్తున్నావంటే ఏం చెప్పాలి.

అలా నాలుగు వారాలు గడిచాయి. ఒక ఆదివారం కృపాకుమారి అన్నం కలిపి నోట్లో పెట్టబోతే అంజలి మూతి తిప్పుకుని, "నాకు అవ్వ పెడుతుంది. నువ్వు పో కృపా" అంది. నల్లమ్మ కోడలిని ఎలా పిలుస్తుందో పిల్లా అలాగే పిలుస్తోంది, పేరు పెట్టి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. కృపాకుమారి కంచం అత్త చేతికిచ్చి చెయ్యి కడుక్కోవడానికి బయటికి పోయింది. మరునాడు నల్లమ్మే కత్తులు మూటగట్టి, పిల్లను పక్కింట్లో వదిలి, "పా, రాయదుర్గం పోదాం" అంది.

మల్లికార్జునయ్య వెండి అంగడి పాతది, ఆయన ఇంకా పాత మనిషి. కంటికి అద్దం పెట్టుకుని సింహం ముద్ర చూశాడు, పిడిని గీటురాయి మీద గీశాడు. తల ఊపాడు. తర్వాత పిడీ, కోసే అలుగూ కలిసే చోట సూదితో గెలికాడు. నల్లటి పొడి రాలింది.

"అమ్మా, పైన రేకు మాత్రం వెండి. అదీ కాగితమంత మందం. లోపలంతా లక్క, అలుగు ఉక్కు. వీటికి పెద్దగా ఏమీ రాదు."

"ఇంత బరువుండాయి గదప్పా?"

"ఆ బరువంతా లక్కదీ ఉక్కుదీనే. మీరు జాగ్రత్తగా పెట్టుకున్నారు గానీ, వేన్నీళ్లలో పడింటే లక్క కరిగి పిడి ఎప్పుడో ఊడొచ్చిండేది."

వేన్నీళ్లలో ముంచొద్దని మామ మొత్తుకున్నది ఇందుకా. నల్లమ్మ రాలిన పొడినే చూస్తోంది. మల్లికార్జునయ్య మాత్రం ఆ పువ్వును వేలితో తడిమి గుర్తు చేసుకుంటున్నాడు.

"ఇదే పువ్వుండే చెంచాలు ఆరు నా కాడికొచ్చినాయి. పెద్ద కరువప్పుడు, ఇరవై ఏండ్ల పైమాట. బేల్దారి ఆయప్ప ఒకడు తెచ్చినాడు. అవి గట్టి వెండి. కత్తులు యాడ అంటే మా వదిన కాడ ఉండాయన్నాడు. కత్తుల్లో లక్క ఉంటాది, మీ వదిన మంచి పాలు నీకిచ్చిందప్పా అని చెప్పినా. అమ్ముతాడనుకుంటే మళ్లా మూట కట్టుకోని పోయినాడు."

కృపాకుమారి మొహం వాడిపోయింది.  "బస్సుకు టైమైతాండాది, పా అత్తా" అని కత్తుల మూట తానే పట్టుకుంది.

బస్సులో నల్లమ్మకు మొదట గుండె తేలికపడింది. ముప్పై ఏళ్లుగా తాను చేసిన మోసం మోసమే కాదు, మంచి పాలు వాడికే పోయింది. ఊరు వచ్చేసరికి ఆ సంతోషం కాస్తా కోపమై కూర్చుంది. వాడికి తెలుసు. ప్రతి క్రిస్మస్‌కూ వచ్చి, తన చేతి కూడు తిని, పాస్టరుగారి కంచం పక్కన ఆ లక్క కత్తులు చూసి కూడా నోరు విప్పలేదు. ఇక్కడ తాను కుమిలిపోతుంటే వాడు లోలోపల నవ్వుకున్నాడన్నమాట. ఆ వారమంతా ఆమె ఆ మాటే నమిలింది.

ఆదివారం ప్రార్థన కాగానే కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకుని, కత్తుల మూట చంకన పెట్టుకుని గార్లదిన్నె పోయింది. జయరాజు మంచం వేస్తే కూర్చోలేదు.

"చెంచాలు గట్టి వెండని నీకు తెలుసంట గదా. నాకెందుకు చెప్పల్యా?"

జయరాజు బిత్తరపోయాడు. "నీకు తెలీకనా వదినా? తెలిసే గదా నాకిచ్చినావు."

అప్పుడు చెప్పాడు. ఆ కరువులో భార్యకు ఆపరేషన్ చేయించాల్సి వచ్చి చెంచాలు అమ్మడానికి పోయాడు. "వదిన మంచి పాలు నీకిచ్చింది అని వెండి అంగడి శెట్టి అన్న్యాక నాకు ఏడుపొచ్చింది. లక్క తాను పెట్టుకోని వెండి నాకిచ్చింది, దాన్ని ఎట్ల అమ్మాల అనిపిచ్చింది. బెంగళూరికి పోయి ఆర్నెల్లు పనిచేసి వచ్చినాక ఈమెకు ఆపరేషన్ చేయిస్తి. నీకు చెప్తే, ఇచ్చింది ఎత్తి చూపినట్లుంటాదని ఊరకున్నా."

"పిల్లోల్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినాడో అక్కా" అంది జయరాజు భార్య.

ఇక్కడ నల్లమ్మ నోరు మూసుకుంటే సరిపోయేది. చెయ్యని పుణ్యం దానంతటదే వచ్చి ఒళ్లో కూర్చుంది, కాదనడానికి ఎవరూ లేరు. కానీ జయరాజు భార్య ఆర్నెల్లు నొప్పితో పడి ఉన్నది ఈ లేని పుణ్యాన్ని నమ్మడం వల్లనే కదా అనిపించింది. మంచం మీద కూలబడింది.

"నాకు తెలీదప్పా. రెండు మూటలూ ఎత్తి చూసినా. బరువుంది నేను పెట్టుకోని తేలికది నీకిచ్చినా. కత్తులే ఎక్కువ ఖరీదనుకుంటి. నిన్ను మోసం చేద్దామనే ఇచ్చినా."

 జయరాజు నేల చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు ఎత్తి చూసింది నాకు తెలుసు వదినా" అన్నాడు చివరికి. "ఆ పొద్దు నేను వాకిట్లోనే ఉండా. తల్లి మాదిరి సాకి ఇట్ల చేసిందే అని ఎనిమిదేండ్లు నిన్ను తిట్టుకున్నా. శెట్టి చెప్పినాక, అట్లాంటి మనిషినా తిట్టుకునింది అని ఇరవై ఏండ్లు నన్ను నేను తిట్టుకుంటి. ఇప్పుడు చూస్తే మొదట తిట్టిందే సరిపాయ."

ముందు నవ్వింది అతని భార్యే. తర్వాత అతనూ ఆపుకోలేకపోయాడు. నల్లమ్మ మాత్రం ఏడ్చింది. మామ చచ్చిపోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

జయరాజు లోపలికి పోయి మూట తెచ్చాడు. అదే పాత పంచె ముక్క. దాన్ని కత్తుల మూట పక్కన పెట్టి, "మళ్లా పంచు వదినా. ఈసారి ఎత్తి చూడొద్దు" అన్నాడు.

మూడు చెంచాలు మూడు కత్తులు వాడికి, మూడు చెంచాలు మూడు కత్తులు తనకు. ఆ పూట జయరాజు భార్య సేమ్యా పాయసం చేసి, తమ వంతు చెంచాల్లో ఒకటి నల్లమ్మ గిన్నెలో వేసింది. ఒకప్పుడు అన్నేళ్లు తోమిన చెంచా ఆమె నోటికి తగలడం అదే మొదలు. తినడం కాగానే జయరాజు భార్యే దాన్ని మిగతా గిన్నెలతో పాటు కాగే నీళ్లలో పడేసింది. నల్లమ్మ చూసి ఊరుకుంది.

నల్లమ్మ వంతు చెంచాలు మూడూ మల్లికార్జునయ్య అంగడికి పోయాయి. ఉగాదికి ముందే మిషను వచ్చి కిటికీ పక్కన కుదురుకుంది. కత్తులు మిగిలాయి, ఎవరికీ అక్కర్లేనివి. జీన్స్ బట్టలో నాలుగు కుట్లు కలిసే చోట దిమ్మలా లేస్తుంది, దాన్ని కొట్టి అణచకపోతే సూది విరుగుతుంది. కృపాకుమారి సుత్తి కోసం వెతికి, దొరక్క, వెండి కత్తి పిడితోనే కొట్టడం మొదలుపెట్టింది. లోపల లక్క ఉంది కదా, చేతికి బరువుగా కుదిరింది.

ఒక పొద్దున నల్లమ్మ పొయ్యి ముందు ఉండగా అంజలి నిద్ర కళ్లతో లేచింది. గదంతా కలయజూసి, మిషను దగ్గరికి నడిచి, "అమ్మా" అని తల్లి ఒళ్లోకి ఎక్కింది. కృపాకుమారి ఒక చేత్తో పిల్లను పట్టుకుని ఇంకో చేత్తో కత్తిని వెలుతురుకు ఎత్తి చూసింది.

"అత్తా, పిడి సొట్టలు పోతాండాది. పువ్వు గూడా చెరిగిపోతాండాది."

"పోనీ" అంది నల్లమ్మ, సంగటి గెలుకుతూనే. "ముప్పై ఏండ్లు దాచిపెట్టినా దాన్ని. ఇంక కొట్టు."