కొండచీపురు నూగు

ఆ రోజు నేను మంచి చీపుళ్లను చెడ్డవని వెనక్కి పంపాను. చీపుళ్లు అమ్మి పైకొచ్చిన ఇంట్లో పుట్టి, ఆ కంపెనీ పెద్ద కుర్చీలో కూర్చుని కూడా ఆ పని చేశాను. పంపడంతో ఆగకుండా, కట్టిన మనిషిని నలుగురిలో ఎగతాళి చేశాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట ఇది. మా తాత, నానమ్మ ఖమ్మంలో ఒక చిన్న గదిలో కొండచీపుళ్లు కట్టి అమ్మడంతో మా వ్యాపారం మొదలైంది. నాన్న చేతికొచ్చాక దానికి ఫినాయిల్, బట్టల సబ్బు, గిన్నెలు తోమే పొడి తోడయ్యాయి. నా వంతు వచ్చేసరికి దేశంలో బాగా డబ్బున్నవాళ్ల జాబితాలు వేసే పత్రికలు మా ఇంటిపేరు కూడా రాస్తున్నాయి. ఏ ఊరు వెళ్లినా ఎవరి వాకిట్లోనో, వంటగదిలోనో మా సరుకు ఒకటి కనిపించేది. చూసినప్పుడల్లా ఛాతీ ఉప్పొంగేది. ఇప్పటికీ అంతే, ఆ గర్వాన్ని దాచుకోను.

చీపుళ్లు మాత్రం అప్పటికీ చేత్తోనే కట్టించేవాళ్లం. భద్రాచలం అవతల అడవి ఊళ్ల ఆడవాళ్లు కొండ మీద గడ్డి కోసి, ఎండబెట్టి, అడ్డతీగ నారతో బిగించి మా గోదాముకు తెచ్చేవారు. ఒక ఊరివాళ్లు మాత్రం గడ్డిని విడిగానే సంతలో ఒక బేరగాడికి ఇచ్చేసేవారు. కట్టి ఇస్తే మనకే మేలని ఆ ఊళ్లో పన్నెండు ఇళ్లను ఒప్పించింది ఒక కోయ ఆడమనిషి. వయసులో నాకంటే బాగా పెద్దది. వాళ్లు మొదటిసారి కట్టిన చీపుళ్లను ట్రాక్టర్ మీద వేసుకుని ఆమె గోదాముకు వచ్చిన రోజే నేనూ అక్కడికి వెళ్లాను.

నా వెంట హైదరాబాద్ నుంచి ఒక పెద్ద దుకాణాల సంస్థ మనుషులు ఇద్దరున్నారు. సరుకు విషయంలో నేనెంత గట్టివాడినో వాళ్లకు చూపించాలని నా తాపత్రయం. ఒక చీపురు తీసి సిమెంటు నేల మీద నాలుగుసార్లు ఆడించాను. సన్నటి నూగు లేచి నా నల్ల ప్యాంటుకూ వాళ్ల బూట్లకూ అంటుకుంది.

"ఏమ్మా, ఇది చెత్త ఊడ్చే చీపురా, చెత్త పోసే చీపురా?" అన్నాను.

వచ్చినవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

"కొత్త పొరక నూగు రాలుద్ది సారూ," అంది ఆమె. "మూడు దినాలు ఊడిస్తే అదే ఆగుద్ది."

"కొనుక్కున్నవాళ్లు మూడు రోజులు నీ నూగు ఎత్తుకోవాలా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "మీ ఇంట్ల ఎవరు ఊడుస్తరు సారూ?"

కోపంతో అడగలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగింది. నేను గోదాము చూసుకునే పెద్దాయన వైపు తిరిగి మొత్తం వెనక్కి పంపించమన్నాను. తాత కాలం నుంచి మా దగ్గర పనిచేస్తున్న ముస్లిం కుటుంబం ఆయనది. నేను చాచా అని పిలిచేవాడిని. "చిన్న సేట్, జర ఆగుర్రి," అన్నాడు. నేను ఆగలేదు. నమూనాకని ఒక చీపురు కారులో వేయించుకున్నాను. ఆడవాళ్లు కట్టలన్నీ మళ్లీ ట్రాక్టర్‌లోకి ఎక్కించారు. నేను నేల మీద పడేసిన చీపురును ఆమె వంగి తీసి, కళ్లకద్దుకుని, అన్నిటి పైన పెట్టింది.

సాయంత్రం ఖమ్మం ఇంటికి వచ్చేసరికి నానమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చీపురు తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను. "చూడు నానమ్మా, ఎట్లాంటి సరుకు తెస్తున్నారో."

నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. కట్టును బొటనవేలితో నొక్కి చూసింది. "ఎవరు కట్టిండ్రురా? నా చేతులు మంచిగున్నప్పుడు నేను గిట్లనే కట్టేదాన్ని."

"నూగు రాలుతోంది కదా."

"రాలకపోతే నిరుటి గడ్డి అంటగట్టిండ్రన్నట్టు. నువ్వెప్పుడన్న పొరక పట్టినవారా?"

"లేదు."

"పొరకల కంపెనీకి దొరవు. మంచిగుంది."

అప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కొత్త సరుకు దిగినప్పుడల్లా అందులోంచి ఒక చీపురు ఇంటికి వచ్చేది. నానమ్మ మూడు రోజులు దానితోనే ఇల్లంతా ఊడ్చేది. నాలుగో రోజు ఈ వరండా ఊడ్చి, నల్లబండ మీద వేలు రాసి చూసుకుని, "పంపుర్రి" అనేది. అప్పటిదాకా ఒక్క చీపురూ గోదాము దాటేది కాదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆ పద్ధతి పోయింది. నేను దాన్ని పెద్దవాళ్ల చాదస్తం అనుకునేవాడిని. నేను నిద్ర లేచేసరికే రాలిన నూగంతా ఎత్తేసి ఉండేది మరి.

జరిగిందంతా చెప్పాను, నవ్వించిన మాటతో సహా. నానమ్మ చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టింది.

"ఆ పిల్ల మాట నమ్మి కట్టిండ్రు కదరా అందరు. ఇప్పుడు ఊర్లె ఆ పిల్ల మొహం ఎట్ల చూపెడుతది?"

చాచాకు ఫోన్ చేశాను. "ఎల్లుండి సంత, సేట్. కట్లు విప్పి గడ్డి లెక్కనే అమ్ముతరంట. ఇక జన్మల కట్టం అంటున్నరు," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే బయలుదేరి, దారిలో చాచాను ఎక్కించుకుని ఆ ఊరు చేరాను. పందిరి కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక కట్ట అప్పటికే విప్పేశారు. నన్ను చూసి కూడా ఆమె లేవలేదు.

"అక్కా, నిన్న నేనన్నది తప్పు. మీ చీపుళ్లు మంచివి. నాకే ఊడ్వడం తెలియదు," అన్నాను, అందరికీ వినపడేట్టు.

"గిది చెప్పనీకి గింత దూరం వచ్చినవా సారూ?"

"అవ్."

ఒక చీపురు తీసి నా చేతికిచ్చింది. "అయితే ఊడ్చు."

పందిరి కింద ఊడ్చాను. ఆమె కోయలో ఏదో అంది. ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఏమందని చాచాను అడిగాను.

"పొరకతోని గోడకు సున్నం ఏస్తున్నడు అంటుంది సేట్."

ఈసారి నేనూ నవ్వాను. ఆమె లేచి వచ్చి, నా మణికట్టు పట్టుకుని కిందికి తిప్పింది. "నడుం వంచాలె. గిట్ల. లేపొద్దు, నేలను పట్టుకుని గుంజాలె." నేను పందిరి చివరిదాకా ఊడ్చాక ఆమె వెనక్కి తిరిగి ఆడవాళ్లతో ఒక మాట అంది. కట్ట విప్పినామె నార అందుకుని మళ్లీ బిగించడం మొదలుపెట్టింది. ఆ వేళ్ల వేగం చూస్తూ నిలబడ్డాను. మా పేరు వీటి మీద ఉంటుందనుకుంటే, పత్రికలో ఇంటిపేరు చూసిన రోజు కంటే ఎక్కువ గర్వం కలిగింది.

చాచా, నేను కట్టలు మోసి ట్రాక్టర్‌లోకి ఎక్కించాం. గోదాముకు వచ్చాక హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చేసి, పొరపాటు సరుకుది కాదు, నాదని చెప్పాను. ఆ ఏడాది నుంచి ప్రతి చీపురు చీటీ మీద ఆమె మాటే అచ్చు వేయించాం: కొత్తలో మూడు రోజులు నూగు రాలుతుంది, ఊడిస్తే అదే ఆగుతుంది.

ఆ సరుకులోంచి ఒక చీపురు ఇంటికి తెచ్చుకున్నాను. నానమ్మ కుర్చీలో కూర్చుని తప్పులు పడుతుంటే మూడు రోజులు వరండా ఊడ్చాను. నాలుగో రోజు నల్లబండ మీద వేలు రాసి ఆమెకు చూపించాను. ఆమె ఆ వేలును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసి, "పంపుర్రి" అంది. నేను చాచాకు ఫోన్ చేసి, సరుకు కంటే ముందు ఆ ఊరికి ఈ కబురు పంపమన్నాను.