చైనా అంకుల్ కుక్కర్ల కంపెనీ

నా చిన్నప్పుడు సిడ్నీలో, పెండిల్ హిల్‌లో, మా పక్కింట్లో ఒక చైనా అంకుల్ ఉండేవారు. ఆయన ఎంత సన్నగా ఉండేవారంటే, ఎండలో నిలబడితే నీడ పడాలా వద్దా అని ఆలోచించుకునేది. ఎంత మర్యాదస్తులంటే, మా ఇంటి ఉత్తరాల డబ్బాకి కూడా తల వంచి నమస్కరించి వెళ్లేవారు. ఇందులో నేను కలిపింది పావు వంతే. మా ఇంట్లో అంతకంటే తక్కువ కలిపి ఎవరూ ఏదీ చెప్పరు.

ఆయనకి ఆ పేరు పెట్టింది మా అమ్మ. ఆయన పక్కింట్లో దిగిన రోజున గారెల గిన్నె పట్టుకెళ్లి, మీదే దేశం బ్రదర్ అని అడిగింది. ఆయన నిటారుగా నిలబడి, ఎక్కడో జాతీయగీతం వినబడుతున్నట్టు మొహం పెట్టి, "రిపబ్లిక్ ఆఫ్ చైనా" అన్నారు. మొదటి రెండు మాటలూ మా అమ్మ చెవికి అలంకారాల్లా తోచాయి. ఆఖరి మాట ఒక్కటే పట్టుకుంది. ఏం పని చేస్తారంటే "ట్రేడింగ్ కంపెనీ" అన్నారట. ఈ రెండు మాటలు మాత్రం పూర్తిగా విన్నది. ట్రేడింగ్ అంటే వ్యాపారం. వ్యాపారం అంటే హోల్‌సేలు.

"బ్రదర్, యువర్ కంపెనీ హావింగ్ రైస్ కుక్కర్?" అని గుమ్మంలోనే అడిగేసింది.

ఆయన ఒక్క క్షణం ఆకాశం వైపు చూసి, ప్రయత్నిస్తానన్నారు. శనివారానికల్లా కుక్కరు వచ్చింది. మా అమ్మ పారమట్టాలో ఆసుపత్రి నర్సు. ఆదివారాలు కోస్తా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలన్నీ కూడే చిన్న చర్చికి వెళ్లేవాళ్లం. అక్కడ ఒక చెవిలో వేసిన మాట పన్నెండు ఇళ్లకు చేరింది. రెండు నెలల్లో ఆయన ఇచ్చిన కుక్కర్లతో అన్నం వండితే సిడ్నీ హార్బరు పూడిపోయేది. అడిగిన ప్రతివారికీ తెచ్చిచ్చారు. హోల్‌సేలు ధర అంటూ సగమే పుచ్చుకునేవారు.

ఆ కుక్కరు కడిగే ఉద్యోగం నాది. పదేళ్లదాన్ని. ఒకరోజు బోర్లించి తుడుస్తుంటే అడుగున "మేడ్ ఇన్ తైవాన్" అని కనబడింది. దాని పక్కనే గోటితో గీకేసిన ధర చీటీ ఒక మూల మిగిలిపోయి ఉంది. దాని మీద పారమట్టాలో మేము ఎస్కలేటరు ఎక్కడం కోసమే వెళ్లే పెద్ద షాపు పేరు సగం ఉంది. హోల్‌సేలు కంపెనీ సరుకు మీద షాపు చీటీ ఎందుకుంటుంది? నేను గొప్ప తెలివితేటలు ఉపయోగించి తేల్చుకున్నాను. చైనా అంకుల్ కుక్కర్లు దొంగతనం చేస్తున్నారు. ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకుని, బరువు పెరిగినదానిలా నడిచేదాన్ని.

మా నాన్న సరుకు ఓడల్లో ఇంజనీరు. ఏడాదిలో రెండు నెలలు ఇంట్లో, పది నెలలు నీళ్ల మీద. ఒక బుధవారం ఫోను మోగింది. తైవాన్‌లో ఒక రేవు నుంచి, ఓడ తాలూకు ఏజెంటు. ఇంజను గదిలో ఇనుప భాగమేదో జారి నాన్న ఎడమ కాలి మీద పడింది. పడి అప్పటికే వారం. పుండు చీము పట్టి పైకి పాకుతోంది. మోకాలి కింద తీసేయాలని డాక్టర్లు అంటున్నారు. నాన్న సంతకం పెట్టనంటున్నాడు. ఒంటికాలి ఇంజనీరుని ఏ ఓడా ఎక్కనివ్వదని ఆయన బెంగ. అమ్మ ఆసుపత్రికి ఫోను చేస్తే, "కాలుంటేనే ఇంటికొస్తాను" అని పెట్టేశాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. మీరు ఎదురుగా నిలబడి చెబితే తప్ప వినేలా లేడు, తొందరగా రండి అన్నాడు ఏజెంటు.

మా అమ్మ ఫోను పెట్టి గోడకి జారబడి కూర్చుంది. ఇంకెవరైనా అయితే ఏమీ కాదులే అనుకుని కాసేపు గడుపుతారు. చీము పట్టిన కాలు ఎన్నాళ్లు ఆగుతుందో వేలి కణుపుల మీద లెక్కపెట్టగల నర్సుకి తనకు తాను అబద్ధం చెప్పుకునే సౌకర్యం ఉండదు.

వీసా కావాలి. మా ఫోను పుస్తకం దిండంత లావుండేది. అందులో రాయబార కార్యాలయాల పేజీ తీసి అమ్మ వేలు పెట్టి చదివింది. స్విట్జర్లాండ్ అయిపోయింది. తర్వాత ఒకేసారి థాయ్‌లాండ్. మధ్యలో ఉండాల్సిన దేశం లేదు. పేజీ తిప్పి చూసింది, దులిపి చూసింది. టికెట్లమ్మే ఆవిడ, "ఆ దేశానికి ఇక్కడ ఎంబసీ లేదు లవ్, ఎప్పుడో మూసేశారు" అంది. టికెట్ ఉంది, విమానం ఉంది, లోపలికి రానిచ్చే కాగితం ఇచ్చే నాథుడే లేడు. అమ్మ ఆ మూడు రోజుల్లో ఏడ్చిన ఏడుపుకి, సిడ్నీకి నీళ్లిచ్చే వారగంబా డ్యాం గేట్లు ఎత్తాల్సింది. ఎందుకు ఎత్తలేదో ఆ శాఖవారే చెప్పాలి.

పక్కింటాయన్ని అడుగుదామా అని అమ్మకి తట్టకపోలేదు. కానీ చర్చి పెద్ద గొంతు తగ్గించి హెచ్చరించాడు.

"సిస్టర్, ఆ చైనా ఆయన ముందు తైవాన్ అన్న మాట మాత్రం ఎత్తమాకండి. వాళ్లకీ వీళ్లకీ అస్సలు పడదు. లేనిపోని గొడవైపోద్ది."

ఇంత లోకజ్ఞానం ఉన్న ఆ పెద్దే శుక్రవారం మా ఇంట్లో మోకరించి, "ప్రభువా, థాయ్‌లాండ్‌లో ఉన్న మా సహోదరుణ్ణి ముట్టుము" అని అరగంట ప్రార్థన చేశాడు. దిద్దే ఓపిక అమ్మకి లేదు. దేవుడు బ్యాంకాక్ ఆసుపత్రుల్లో వార్డు వార్డూ తిరిగి, మంచాల కింద కూడా చూసి ఉంటాడు.

అంకుల్ మాత్రం రోజూ కంచె మీదుగా తొంగిచూసి, అంతా బాగేనా అని అడిగేవారు. పెరట్లో గొడుగులా తిరిగే బట్టల తీగ మీద అమ్మ చీరలు బుధవారం నుంచి అలాగే వేలాడుతుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అమ్మ "గుడ్ బ్రదర్, వెరీ గుడ్" అని లోపలికొచ్చి, తలుపు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకునేది.

శనివారం ఉదయం వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అది ఏడుపు కంటే భయంగా ఉంది. కుక్కర్లో బుధవారం నాటి అన్నం గట్టిపడి ఉంది. దాన్ని గోకి పారేసి, బోర్లించి తుడుస్తుంటే మళ్లీ కనబడింది, మేడ్ ఇన్ తైవాన్. పక్కనే చీటీ మూల. నా బుర్రలో దీపం వెలగడం కాదు, హార్బరు వంతెన మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. నాకంత బరువున్న ఆ కుక్కర్ని రెండు చేతులా ఎత్తుకుని కంచె సందులోంచి దూరి ఆయన తలుపు తన్నాను.

ఆయనతో మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి.

"అంకుల్, మీరు కుక్కర్లు దొంగతనం చేస్తారని నాకు తెలుసు. ఎవరికీ చెప్పను. కానీ ఇవి వచ్చే ఓడ తైవాన్‌కి తిరిగి వెళ్లేటప్పుడు ఖాళీయే కదా. అందులో మా అమ్మని ఎక్కించండి."

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు. "తైవాన్ ఎందుకు?" అన్నారు.

అంతా చెప్పాను. నాన్న కాలు, ఫోను పుస్తకం, ఆయన ముందు ఆ మాట ఎత్తవద్దన్న సంగతి కూడా. ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. భుజాలు కదిలాయి. నవ్వారో ఏడ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎన్నాళ్లుగా వెతుకుతోంది మీ అమ్మ?"

"మూడు రోజులు."

"మూడు రోజులూ నేను ఇక్కడే ఉన్నాను," అన్నారాయన మెల్లగా.

నా వెనకే కంచె దాటి వచ్చారు. అమ్మని పాస్‌పోర్టు తెమ్మని కేకేశారు. అది ఏ పెట్టె అడుగున ఉందో అమ్మకే గుర్తులేదు. ఆవిడ ఇల్లంతా తిరగేస్తుంటే, ఆయన తీగ మీది చీర ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని మడవడం మొదలుపెట్టారు. నేల తగలకూడదు, లాగి పట్టుకో అన్నారు. ఆ చీరలు మడిచినంత సేపట్లో నాకు తన ఉద్యోగ జీవితమంతా చెప్పేశారు.

ఆయన వ్యాపారి కాదు. రాయబారి. తైవాన్ ప్రభుత్వం తనను తాను పిలుచుకునే పేరే రిపబ్లిక్ ఆఫ్ చైనా. పెద్ద చైనా వేరు. కుర్రతనంలో కాన్‌బెర్రాలో వాళ్ల ఎంబసీలో చేరారు. తర్వాత ఆస్ట్రేలియా పెద్ద చైనాతో చేయి కలిపి, వీళ్లని దేశంగా గుర్తించనంది. వీళ్ల జెండా దించారు. దించిన జెండా ఒక కొస పట్టుకున్నది ఈయనే. తర్వాత మరో దేశం పంపారు. అక్కడి భాష నేర్చుకుని, కూరగాయలవాడితో బేరమాడే స్థాయికి వచ్చేసరికి ఆ దేశమూ మనసు మార్చుకుంది. అలా నాలుగు దేశాలు, నాలుగు జెండాలు. ఆఖరికి సిడ్నీకి పంపి, ఇక్కడ జెండా ఉండదు, దేశం పేరు ఉండదు, బోర్డు మీద ట్రేడింగ్ కంపెనీ అని ఉంటుంది, పని మాత్రం పాతదే అన్నారట.

"జెండాలు చాలా మడిచాను," అన్నారు చీర నాలుగో మడత దగ్గర. "ఇంత పొడవైన దేశం మాత్రం ఇదే."

అమ్మ పాస్‌పోర్టుతో వచ్చింది. ఆయన రెండు ముక్కల్లో విషయం చెప్పారు.

"అయితే మీరు చైనా కాదా బ్రదర్?"

"చైనానే సిస్టర్. కానీ తైవాన్. ఇది వివరించడానికి నాకు ఇరవై ఏళ్లు చాలలేదు. ముందు రైలెక్కుదాం."

ఆయన ఆఫీసు సిటీలో, ఒక పళ్ల డాక్టరు గది పక్కన. శనివారం కాబట్టి ఎవరూ లేరు. ఇండియా పాస్‌పోర్టుకి వాళ్ల రాజధాని నుంచి అనుమతి రావాలట. ఫోను చేశారు. రిసీవరు భుజానికి ఆనించుకుని ఎంతసేపు నిలబడ్డారో, గోడ గడియారం కూడా విసిగి నెమ్మదించింది. అప్పుడే నేనడిగాను, షాపులో కొని మాకు హోల్‌సేలని ఎందుకు చెప్పారని.

"మీ అమ్మ అడిగినప్పుడు లేవంటే, మరి మీది ఏం కంపెనీ అని అడిగేది. అది చెప్పకూడదు. అందుకని పారమట్టా వెళ్లి కొన్నాను."

"మరి చీటీ గీకడం ఎందుకు?"

"ధర కనబడితే, తీసుకున్నవాళ్ల చేతిలో బరువు పెరుగుతుంది."

అవతల ఎవరో పలికారు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. సోమవారం చూద్దామన్నారట. ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. సోమవారానికి ఆ పుండు ఎక్కడిదాకా వెళ్తుందో ఆమెకి తెలుసు. ఆయన ఫోను పెట్టేసి, టై సరిచేసుకుని, టైపు మిషన్లో కాగితం ఎక్కించారు. పాస్‌పోర్టులో ముద్ర వేయలేదు. విడి కాగితం మీద నాలుగు వాక్యాలు కొట్టి సంతకం చేశారు. విమానం దిగాక అదే చూపించమన్నారు.

"అనుమతి రాలేదుగా బ్రదర్?" అంది అమ్మ. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి సంతకం భయం ఉంటుంది.

"సోమవారం వస్తుంది."

"రాకపోతే? మీ ఉద్యోగం?"

"మాది ట్రేడింగ్ కంపెనీ సిస్టర్," అన్నారాయన. "సరుకు ముందు పంపిస్తాం. కాగితాలు వెనకొస్తాయి."

నన్ను చర్చి పెద్ద ఇంట్లో వదిలి, అమ్మ ఆదివారం హాంకాంగ్ మీదుగా వెళ్లింది. ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి, బైబిల్ని గుండెకి అదుముకుని కూర్చుందట. సోమవారం నాన్న మంచం పక్కన నిలబడి, "నాకు ఓడ ఇంజనీరు అక్కర్లేదు, కూర్చుని వంకాయలు తరిగే మొగుడైనా చాలు" అంది. నాన్న సంతకం పెట్టాడు. ఇంకొక్క రోజు ఆగితే మోకాలు కూడా దక్కేది కాదని డాక్టరు అన్నాడట.

నాన్న వచ్చాడు. తొలి ఏడాదంతా గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. టీవీలో ఓడ కనబడితే లేచి వెళ్లలేక కళ్లు మూసుకునేవాడు. తర్వాతెప్పుడో చర్చివాళ్ల కుక్కరు ఒకటి పాడైతే విప్పి చూశాడు. అప్పటినుంచి ఆ హోల్‌సేలు కుక్కర్లన్నిటికీ మా గ్యారేజీయే ఆసుపత్రి.

ఆ సోమవారం అనుమతి వచ్చిందో లేదో అంకుల్ ఎప్పుడూ చెప్పలేదు. చలికాలం రాకముందే ఆయన్ని వెనక్కి పిలిచేశారు. దానికీ ఆ కాగితానికీ సంబంధం ఉందా అని అమ్మ అడిగితే, వాతావరణం గురించి చాలా మర్యాదగా మాట్లాడారు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పక్కిల్లు ఖాళీ. మా గుమ్మంలో కొత్త కుక్కరు పెట్టె ఉంది. తిరగేసి చూశాను. పారమట్టా షాపు చీటీ అడుగున నిండుగా ఉంది, గోటి గీత కూడా పడలేదు. ఈ ఊళ్లో ఎవరికీ నిజం చెప్పుకోలేని మనిషి నాకు మాత్రం ఒప్పేసుకుని వెళ్లారు.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. ఎవరికైనా ఏదైనా ఇచ్చే ముందు ధర చీటీని గోటితో గీకుతాను. గీకుతున్నంత సేపూ అమ్మ నేల మీద కూర్చున్న ఆ ఉదయం, మూడు రోజులు అడగకుండా మిగిలిపోయిన ఒక్క ప్రశ్న గుర్తొస్తాయి. అయితే ఆయనంత మర్యాద నాకు అబ్బలేదు. ఒక్క మూల మాత్రం వదిలేస్తాను. ఆ ఇంట్లో గిన్నెలు కడిగే పిల్ల ఎవరైనా ఉంటే, ఎప్పుడైనా కంచె దాటి రావడానికి దానికో కారణం కావాలి కదా.