కొండగుడి ముందు ఊదిన ఈల

గొంతు బాగుందని కినుయేకు ఆ ఉద్యోగం ఇచ్చారు. జపాన్‌లోని తంగో తీరంలో పట్టు నేసేవాళ్ళ ఇంటిపిల్ల. మగ్గాల మోతలో మాట వినబడాలంటే గొంతెత్తాల్సిందే. ఆ గొంతే ఆమెను క్యోటోకు చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. జనం గుళ్ళూ కోటలూ తోటలూ చూడ్డానికి రైళ్ళకు రైళ్ళు దిగుతున్నారు. వాళ్ళను తిప్పే ప్రతి బస్సులో ఒక అమ్మాయి ఉండేది. నీలం టోపీ, తెల్లటి చేతితొడుగులు, మెళ్ళో ఈల. ఏ గుడి ఎవరు కట్టించారో, ఏ కోట ఎప్పుడు తగలబడిందో చెప్పాలి, నడుమ నడుమ పాడాలి. ఇరుకు చోట బస్సు వెనక్కి రావాలంటే దిగి వెనకాల నిలబడి ఈల ఊదాలి. పొట్టి పొట్టిగా ఊదితే రావచ్చని, బారుగా ఊదితే ఆగమని డ్రైవరుకు గుర్తు.

ఆమె బస్సు నడిపేవాడు కురమోచి. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మాట పొదుపు.

నవంబరులో నోతో తీరం నుంచి ఒక చేపలూరి ముసలివాళ్ళు గుంపుగా వచ్చారు. ఊరు దాటి రావడం చాలామందికి అదే మొదలు. వాళ్ళలో తొమె అనే అవ్వ అందరినీ తోసుకుని ముందు సీటు పట్టింది.

"పిల్లా, ఆ రాజుల పేర్లు తర్వాత చదువుదువు గానీ, ముందు మరుగుదొడ్డి ఎక్కడో చెప్పవే," అంది. బస్సంతా గొల్లుమంది.

కోటలో నడవా చూపిస్తూ కినుయే, "ఈ నేల తొక్కితే పిట్టలా కూస్తుందండీ, దొంగ వస్తే తెలియాలని," అని చెప్పింది.

"మా ఇంట్లో నేలంతా అలాగే కూస్తుంది. దొంగే ఎప్పుడూ రాలేదు," అంది అవ్వ.

తెల్లటి గులకను దువ్వెనతో దువ్వినట్టు పరిచిన తోట ముందు మిగతావాళ్ళు భక్తిగా చేతులు జోడిస్తే, ఆవిడ ముక్కు చిట్లించింది. "రాళ్ళు చూపించడానికా ఇంత దూరం తెచ్చావు! మా ఒడ్డున కావలసినన్ని ఉన్నాయి, దువ్వేవాడు లేడంతే." భోజనాల దగ్గర తన సంచిలోంచి ఎండు కణవ చేప తీసి కినుయే చేతిలో కుక్కింది. "తిను. ఈ ఊళ్ళో నీకు ఎవరూ తిండి పెట్టట్లేదా ఏం?"

చివరిది కొండగుడి. దాని ముందు జాగా ఇరుకు. ఒక పక్క లోయ, ఇంకో పక్క వందల ఏళ్ళనాటి రాతి దీపస్తంభం. అంతకు కొన్నాళ్ళ ముందు వేరే బస్సు దాన్ని రాసుకుపోతే గుడివాళ్ళు గొడవ చేశారు. మేనేజరు అమ్మాయిలందరినీ వరసగా నిలబెట్టి, "ఇంకొక్క గీత పడిందంటే ఊదినదాని ఉద్యోగం ఊడినట్టే," అని హెచ్చరించాడు.

వాన మొదలైంది. ముసలివాళ్ళు దిగి గుడి ద్వారం చూరు కింద సర్దుకున్నారు. కినుయే బస్సు వెనకాల వానలో నిలబడి, కళ్ళు దీపస్తంభం మీద పెట్టి పొట్టిగా ఊదుతోంది.

"అయ్యో, ఆ పిల్ల తడిసి ముద్దవుతోందర్రా," అంటూ తొమె అవ్వ గొడుగు విప్పుకుని బయల్దేరిందట. లోయ వైపు నుంచి, బస్సు పక్కగా వచ్చింది. కినుయే అటు చూడలేదు. ఊదుతూనే ఉంది. చూరు కింద కేకలు లేచాక బారుగా ఊదింది. అప్పటికే అవ్వ చక్రం కింద పడింది. బస్సు ఆగిపోయినా ఊదుతూనే ఉంటే ఎవరో వచ్చి నోట్లోంచి ఈల లాగేశారు.

పోలీసుల ముందు కురమోచి, "అద్దంలో చూసుకోవలసింది నేను," అన్నాడు.

"రమ్మని ఊదింది నేనండీ."

"నువ్వూరుకో కినుయే. నడిపింది నువ్వా, నేనా?"

"ఈలకు లైసెన్సు ఉండదమ్మా, ఇంటికెళ్ళు," అన్నాడు రాసుకుంటున్న పోలీసు.

కురమోచి జైలుకు వెళ్ళాడు. వచ్చాక బండి తాకలేదు. ఊరగాయ పీపాలు మోశాడు, తాగాడు, యాభై నిండకుండానే పోయాడు.

కినుయే ఉద్యోగం మానేసి, అవ్వ పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మకు నోతో వెళ్ళింది. అవ్వ కొడుకు, యసాకు అనే జాలరి, గుమ్మంలో వల బాగుచేస్తున్నాడు. ఆమె మంచులో మోకరిల్లి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"మా అమ్మ వస్తుంటే చూడలేదా?"

"దీపస్తంభం వైపు చూస్తున్నానండీ."

"దానికేమన్నా అయిందా?"

"లేదండీ."

"పోన్లే. పాతది కదా, జాగ్రత్తగా చూసుకోవాలి."

మళ్ళీ వల అందుకున్నాడు. ఆ తర్వాత ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు, బతికినంతకాలం.

కినుయే ఇంటికి తిరిగొచ్చి మగ్గం ఎక్కింది. సంబంధాలు వస్తే వద్దంది. ఏటా నవంబరులో నోతో వెళ్ళి అవ్వ సమాధి కడిగి, పూలు పెట్టి, ఆ ఇంటి ముందు తల వంచి వచ్చేది. మొదట్లో యసాకు భార్య మసు ఆమె వెనకాలే ఉప్పు చల్లి గుమ్మం శుద్ధి చేసుకునేది. ఏళ్ళు గడిచాక ఉప్పు మానేసింది. ఇంకొన్నాళ్ళకు వసారా అంచున ఒక గిన్నెడు టీ పెట్టసాగింది. తన తప్పు కొంచెం కొంచెంగా కరుగుతోందని కినుయే అనుకుంది.

యసాకు చనిపోయిన ఏడాది కూడా వెళ్ళింది. మసు ఆ రోజు టీ పెట్టలేదు. ఎదురుగా కూర్చుంది.

"వచ్చే ఏడు రావద్దమ్మా."

"నావల్ల ఏమైనా పొరపాటు..."

"పొరపాటని కాదు. ఏడాదంతా మా అత్త నాకు నవ్వుతూ గుర్తొస్తుంది. చేపలు ఎండేస్తూ, ఊరందరినీ ఆటపట్టిస్తూ. నువ్వు వీధి మలుపులో కనబడగానే బస్సు కింద కనబడుతుంది. మా ఆయనకీ అంతే. నువ్వొచ్చి వెళ్ళాక రోజుల తరబడి అన్నం సయించేది కాదు. నీ మనసు కుదుటపడాలని మేం ఏటేటా ఎందుకమ్మా ఏడవాలి?"

"ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"అంత దూరం నుంచి వచ్చేదానివి. ఎలా చెప్పగలం?"

కినుయే నుదురు వసారా చెక్కకు ఆనించింది. క్షమించండి అనబోయి ఆగింది. అది కూడా వాళ్ళను అడగడమే. తెచ్చిన పూలు ఎక్కడ పెట్టాలో తెలియక స్టేషను దాకా చేతిలోనే పట్టుకుపోయి, అక్కడి బల్ల మీద వదిలేసి రైలెక్కింది.

ఎనభై దాటి బతికింది. నవంబరు వస్తే ఎవరింటికీ పోయేది కాదు, ఎవరినీ రానిచ్చేది కాదు. పొద్దున్నే మగ్గం ముందు కూర్చునేది. దారం తెగితే ముడి వేసేది, మళ్ళీ తెగితే మళ్ళీ వేసేది.